సముద్రాలు దాటి వచ్చిన తల్లి

పురుష వైద్యుని ఎదుట నోరు విప్పలేక ఎందరో తల్లులు స్త్రీవ్యాధులను దాచుకున్న రోజులవి. 1887లో ఆస్ట్రేలియాలో జన్మించిన డాక్టర్ మేరీ గ్లౌరీ, భారతదేశంలోని పసిబిడ్డల మరణాల గురించి చదివి, మెల్‌బోర్న్‌లో వైద్యవృత్తిని వదులుకొని 1920లో గుంటూరు వచ్చారు. జె.ఎం.జె. మఠకన్యగా, పోపుగారి అనుమతితో వైద్యం చేశారు; మంత్రసానులకు శిక్షణనిచ్చారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957లో బెంగుళూరులో ప్రభువునందు నిద్రించారు.

ఆ కాలం పోయినా ఆ సిగ్గు మన ఇళ్లలో ఇంకా పోలేదు. జంగారెడ్డిగూడెం తల్లులారా, కాన్పుల తరువాతగాని, ముట్లుడిగాకగాని దగ్గితే మూత్రం జారుతోందా? గర్భసంచి కిందికి దిగిందా? దాచుకోకండి. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం చాలామందికి మేలు చేస్తుంది, ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. ఆమె మనకోసం సముద్రాలు దాటారు. మీరు ఆసుపత్రి గడప దాటలేరా?