మౌలానా ఆజాద్ చూపిన బాట

మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి పేరు తెలియని ఇల్లు మనలో లేదు. కాని ఆయన ఏ మాట కోసం జీవితమంతా నిలబడ్డారో పిల్లలకు చెప్పడం మనకు తగ్గిపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1888 నవంబరు 11న పవిత్ర మక్కాలో జన్మించారు. చిన్నతనంలోనే కుటుంబం కలకత్తా చేరింది. బడికి పోయి చదివింది లేదు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గారి దగ్గరా, ఉస్తాదుల దగ్గరా ఇంట్లోనే చదువు సాగింది. 1912లో అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రిక పెట్టి, ముస్లిములు స్వాతంత్ర్య పోరాటానికి దూరంగా ఉండరాదని రాశారు. తెల్లదొరలు ఊరుకుంటారా? పత్రిక ఆగిపోయింది. ఆయనను రాంచీలో నిర్బంధించారు. 1923లో, 35వ ఏట, కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

1940లో రాంగఢ్ మహాసభలో మళ్లీ అధ్యక్షులు. ముస్లిముగా పుట్టినందుకూ, భారతీయుడైనందుకూ సమానంగా గర్విస్తానని అక్కడ చెప్పారు. ఇంకో ముఖ్య సంగతీ చెప్పారు. అల్పసంఖ్యాకులకు ఏ రక్షణలు కావాలో తేల్చవలసింది అల్పసంఖ్యాకులే గాని అధికసంఖ్యాకులు కారు; అది ఓట్ల లెక్కతో కాక ఒప్పుదలతో జరగాలి. తలలు లెక్కపెట్టడమే ప్రజాస్వామ్యమైతే తక్కువమంది గతేమిటి? అసలు చిక్కు అదేనండి. ఆ వారంలోనే లాహోరులో ముస్లిం లీగ్ వేరే దారి పట్టింది. మనవాళ్లే ఎందరో ఆయనను నిందించారు. ఆయన మాట మార్చుకోలేదు.

1942లో అహ్మద్‌నగర్ కోటలో ఖైదు. భార్య జులేఖా బేగం గారికి జబ్బు ముదిరిందని తెలిసినా సర్కారును విడుదల అడగలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె కలకత్తాలో కన్నుమూశారు. చివరి చూపు దక్కలేదు.

1947లో దేశం చీలింది. ఆ అక్టోబరులో, మూటాముల్లె కట్టుకొని భయంతో వెళ్లిపోతున్న జనానికి ఢిల్లీ జామా మసీదులో ధైర్యం చెప్పారు. ఈ నేల మీదే, మన తాతముత్తాతలు కట్టిన మినార్ల నీడలోనే ఉండమన్నారు.

రాజ్యాంగ సభలో ఆయనా సభ్యులు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 29వ అధికరణం మన భాషకూ, లిపికీ, సంస్కృతికీ రక్షణ ఇచ్చింది. 30వది మన విద్యాసంస్థలను మనమే పెట్టుకొని నడుపుకునే హక్కు ఇచ్చింది. మత అల్పసంఖ్యాకులకు చట్టసభల్లో ప్రత్యేక సీట్లు మాత్రం ఉంచలేదు. అందుచేత మన బలమల్లా చదువులోనే ఉందని గ్రహించాలి.

తొలి విద్యామంత్రిగా ఆయన చేసిందీ అదే. 1951లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., 1953లో యు.జి.సి. ఆయన హయాంలోనే ప్రారంభమయ్యాయి. 1958 ఫిబ్రవరి 22న పరమపదించారు. 1992లో భారతరత్న ప్రకటించారు. 1998లో మన హైదరాబాదులోనే ఆయన పేర ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది.

హక్కు కాగితం మీద ఉంటే చాలదు. వాడుకోని హక్కు తాళం తీయని ఇల్లులాంటిది. మన ఆడపిల్లనూ, మగపిల్లవాణ్ణీ బడి మాన్పించకుండా చదివిస్తే ఆ తాళం తీసినట్టే. అల్లాహ్ ఆ మహనీయునికి జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.