ఒంటరి తీర్పుల న్యాయమూర్తి కోకా సుబ్బారావు

ఋషికుల్య కాలువల క్రింద సేద్యం చేసుకునే భంజనగర్, ఆసికా ప్రాంతాల రైతులకు జలకరం అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. ఆంధ్రదేశంలో దానినే నీటి తీరువా అంటారు. ఆ పన్ను అన్యాయంగా పెంచారనీ, పెంచిన మొత్తాన్ని ఎవరూ చెల్లించవద్దనీ ఒక నాయకుడు సభపెట్టి రైతులకు చెబితే అతనిని చెరసాలలో వేయవచ్చునా? 1954లో ఉత్తర ప్రదేశ్‌లోని ఫరూఖాబాద్‌లో సరిగ్గా ఇదే జరిగింది. కాలువ నీటి రేట్లను పెంచిన ప్రభుత్వాన్ని ప్రతిఘటించమని ఉపన్యసించిన సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియాను అరెస్టు చేశారు. ఇందుకు ఆధారమైనది 1932లో తెల్లదొరలు చేసిన ఒక ప్రత్యేకాధికారాల చట్టం. దేశం స్వతంత్రమై ఏడేళ్లు గడిచినా, పన్ను కట్టవద్దని చెప్పడమే నేరమనే ఆ చట్టం మాత్రం బ్రతికే ఉంది.

లోహియా తాను ఆ మాటలు అనలేదని బుకాయించలేదు. అన్నాననే ఒప్పుకొని, అలా అనడాన్ని నేరంగా చేసిన చట్టమే రాజ్యాంగానికి విరుద్ధమని అలహాబాద్ హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీ వేశారు. ఒక మనిషి విడుదల కోసం వేసిన అర్జీయే అయినా, దాని గురి ఆ చట్టం మీదనే ఉంది. హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఊరుకోక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1960 జనవరి 21న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రభుత్వపు అప్పీలును కొట్టివేసింది. ఆ తీర్పు వ్రాసినవారు మన రాజమహేంద్రవరం బిడ్డ, జస్టిస్ కోకా సుబ్బారావు.

ప్రభుత్వ న్యాయవాదుల వాదన ఇలా సాగింది. ఈనాడు పన్ను కట్టవద్దంటారు, రేపు అది ఉద్యమమవుతుంది, ఎల్లుండి తిరుగుబాటవుతుంది, కనుక శాంతిభద్రతల కోసం మొదటనే నోరు మూయించాలి. సుబ్బారావుగారు దీనిని అంగీకరించలేదు. మాటకూ అలజడికీ నడుమ దగ్గరి సంబంధం కనబడాలి గాని, ఊహలో అల్లిన దూరపు బంధుత్వం చాలదని తేల్చారు. పొయ్యి రాజేసినవానిని ఊరు తగలబెట్టినవానితో జమకట్టరాదని మన పల్లెటూరి పెద్దలు కూడా ఒప్పుకుంటారు. వాక్స్వాతంత్ర్యంపై తరువాత వచ్చిన ఎన్నో తీర్పులకు ఈ సూత్రం పునాది అయింది.

సుబ్బారావుగారు 1902 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి న్యాయవాది, చిన్నతనంలోనే గతించారు. రాజమండ్రిలో కళాశాల చదువు, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసి, 1920ల నడుమ మద్రాసు హైకోర్టులో మామగారైన వెంకటరమణారావునాయుడుగారి వద్ద వృత్తి ఆరంభించారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మునసబుగా ఉన్నారు. మామగారు హైకోర్టు న్యాయమూర్తి అయిన తరువాత, బావమరిది పి.వి. రాజమన్నారుతో కలిసి వృత్తి సాగించారు. ఆంధ్ర జిల్లాల వ్యాజ్యాలు మద్రాసుకు చేరినప్పుడు కక్షిదారులు వెతుక్కుంటూ వచ్చే చిరునామాగా వారి కార్యాలయం నిలిచింది. ఆనాడు గంజాం కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడేవరకు బరంపురం కోర్టుల అప్పీళ్లు మద్రాసుకే వెళ్లేవి. తరువాత పాట్నాకు, 1948 జులై నుండి కటకానికి మారాయి. మూడు రాజధానులకు కాగితాల సంచీతో తిరిగిన తాతలు మన ఇళ్లలోనూ ఉండే ఉంటారు.

రాజమన్నారుగారు 1948లో మద్రాసు ప్రధాన న్యాయమూర్తి కాగా, అదే ఏడు సుబ్బారావుగారు అక్కడ న్యాయమూర్తి అయ్యారు. 1950లో వి.జి. రావు అనే న్యాయవాది తన ప్రజా విద్యా సంఘాన్ని ప్రభుత్వం నిషేధించినందుకు దావా వేస్తే, రాజమన్నారుగారి ధర్మాసనం ఆ నిషేధాన్ని రద్దు చేసింది, 1952లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. రాజ్యాంగం పచ్చి సిరా ఆరకముందే దానిని పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీసే పౌరులు, విని తీర్పు చెప్పే న్యాయమూర్తులు ఉన్న వాతావరణమది. 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినప్పుడు, దాని ఏర్పాట్లు చూసినవారూ, మొదటి ప్రధాన న్యాయమూర్తీ సుబ్బారావుగారే. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఆ హైకోర్టు హైదరాబాదుకు మారింది. 1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టులో అడుగుపెట్టారు.

ఆ సంవత్సరమే ఆయన అందరికీ ఎదురు నిలిచిన తీర్పు ఒకటి వచ్చింది. పాట్నా నుండి వెలువడే సర్చ్‌లైట్ అనే దినపత్రిక 1957 మే 31న బీహారు శాసనసభలో ముందురోజు జరిగిన ఒక ప్రసంగాన్ని అచ్చువేసింది. ముఖ్యమంత్రి శ్రీకృష్ణ సిన్హా పాలనపై ఒక సభ్యుడు చేసిన తీవ్ర విమర్శ అది. అందులోని భాగాలను స్పీకరు రికార్డుల నుండి తొలగించమన్నారు, పత్రికలో మాత్రం అవి వచ్చాయి. సభా హక్కుల సంఘం సంపాదకుడు ఎం.ఎస్.ఎం. శర్మకు నోటీసు పంపింది. ఆ సంఘానికి అధ్యక్షుడు సాక్షాత్తూ ముఖ్యమంత్రిగారే! శర్మ సంఘం ఎదుట చేతులు కట్టుకుని నిలబడడానికి బదులు, నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లి తన వాక్స్వాతంత్ర్యం మాటేమిటని అడిగారు. 1958 డిసెంబరు 12న నలుగురు న్యాయమూర్తులు సభ హక్కులే మిన్న అన్నారు. సుబ్బారావుగారొక్కరు ఒప్పుకోలేదు. ప్రజలు ఎన్నుకున్న సభలో ఏం జరిగిందో ప్రజలకు తెలియజేసే స్వేచ్ఛను, బ్రిటిషు పార్లమెంటు నుండి అరువు తెచ్చుకున్న సభా హక్కు మింగివేయరాదని ఆయన అభిప్రాయం. శర్మ ఓడిపోయారు. అయినా ఆ భిన్నాభిప్రాయం గ్రంథస్థమై, తరువాతి తరం న్యాయవాదులు విప్పి చూసే పేజీగా నిలిచింది.

నా మట్టుకు, ఆయన జీవితంలో ఇంతకంటె ముఖ్యమైనది 1960 నాటి మరొక వ్యాజ్యం. దానిని పెద్దగా ఎవరూ తలచుకోరు. పంజాబులో సోధీ సుఖ్‌దేవ్ సింగ్ అనే జిల్లా జడ్జిని ఉద్యోగం నుండి తొలగించారు. తన తొలగింపు చెల్లదని ఆయన దావా వేసి, తన విషయమై మంత్రివర్గం చేసిన నిర్ణయాల కాగితాలు, పబ్లిక్ సర్వీసు కమిషన్ అభిప్రాయం కోర్టుకు తెప్పించమని కోరారు. అవి రహస్యాలు, ఇవ్వబోమని ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ప్రమాణపత్రం దాఖలు చేశారు. గమనించండి, ఇవి సైన్యపు పటాలు కావు, ఒక ఉద్యోగి మెడమీద కత్తి ఎందుకు పడిందో చెప్పే కాగితాలు. సుప్రీంకోర్టులో అధిక సంఖ్యాకులు ప్రభుత్వ మాటనే మన్నించారు. సుబ్బారావుగారు మాత్రం వేరుగా వ్రాశారు. కాగితం బయటపడితే కలిగే నష్టం ఒక ప్రజాప్రయోజనం, అది లేక న్యాయం చెడిపోవడం మరొక ప్రజాప్రయోజనం. రెండింటినీ తూచి, అరుదుగానైనా ప్రభుత్వ అభ్యంతరాన్ని త్రోసిపుచ్చే అధికారం న్యాయస్థానానికి ఉండాలన్నారు. దస్త్రాన్ని దాచిన చేతికే, దాచవచ్చునా లేదా అని తేల్చే పని అప్పగించరాదన్నదే దీని తాత్పర్యం.

పదిహేనేళ్లకు గాలి మారింది. 1975లో రాజ్ నారాయణ్ వ్యాజ్యంలో, ప్రధానమంత్రి పర్యటనల భద్రతా నిబంధనల పుస్తకం చూపమన్నప్పుడు, ప్రజలకు తెలుసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు పలికింది. 1981లో న్యాయమూర్తుల బదిలీల వ్యాజ్యంలో, కేంద్ర న్యాయశాఖామాత్యుడూ ప్రధాన న్యాయమూర్తులూ వ్రాసుకున్న ఉత్తరాలనే బయటపెట్టించింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఒడియాలో దీనిని సూచనా అధికార చట్టం అంటారు. మన తెలుగు కుటుంబాల వారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒడిశాలో దరఖాస్తు ఒడియాలోగాని, ఇంగ్లీషు, హిందీలలోగాని వ్రాయాలి. రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. ఒడియా వ్రాయడం రాదని వెనుదీసే పెద్దలకు, ఒడియా బడిలో చదివే మనుమలూ మనుమరాళ్లూ ఉన్నారు కదా.

ఇక ఖరక్ సింగ్ కథ. ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఇతనిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేర చరిత్ర పత్రం తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టడం, ఉన్నాడా లేడా అని చూడడం, ఊరు దాటితే ఎక్కడికని ఆరా తీయడం ఏళ్ల తరబడి సాగింది. విసిగిన ఖరక్ సింగ్ సుప్రీంకోర్టులో రిట్ వేశాడు. 1962 డిసెంబరు 18న అధిక సంఖ్యాకులు రాత్రి తలుపు తట్టడం ఒక్కటే తప్పనీ, మిగిలిన నిఘా చెల్లుతుందనీ అన్నారు. ఏకాంతం ఒక ప్రాథమిక హక్కేమీ కాదన్నారు. సుబ్బారావుగారు, ఆయనతో జస్టిస్ షా, ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు. వెనుక ఎల్లవేళలా నీడలా పోలీసు ఉంటే మనిషి నడక స్వేచ్ఛ కాదు, మాట స్వేచ్ఛా కాదని సుబ్బారావుగారి తర్కం.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. పదకొండుగురిలో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరొకవైపు. పార్లమెంటు రాజ్యాంగ సవరణతో కూడా ప్రాథమిక హక్కులను తగ్గించరాదని ఆరుగురి మాట. అయితే పాత సవరణలను కదపక, ఆ నియమం ఇక ముందుకే వర్తిస్తుందన్నారు. ఈ తీర్పుపై విమర్శలను తేలికగా త్రోసివేయలేము. ఆ వ్యాజ్యం వేసినది జలంధరులో పరిమితికి మించి భూమిగల కుటుంబం. ఆస్తిహక్కుకు సుబ్బారావుగారిచ్చిన విలువ భూమిలేనివారికి అడ్డుగోడ అయిందన్న మాటలో బలం ఉంది. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను ప్రక్కకు నెట్టినా, సవరణాధికారానికి ఒక హద్దు ఉందన్న ఆలోచనను మాత్రం మరొక రూపంలో నిలుపుకున్నది.

1967 ఏప్రిల్ 10న, పాస్‌పోర్టు ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి ఇష్టం కాదని మరొక తీర్పు వెలువరించారు. దానివల్లనే ఆ ఏడాది పాస్‌పోర్టు చట్టం చేయవలసి వచ్చింది. మరునాడే, ఏప్రిల్ 11న, పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971 ఓట్ల విలువ లభించింది. ఆ వేసవిలోనే మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఉపరాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం సబబు కాదని ఆనాడు చాలామంది అన్నారు. ఇరువైపులా పక్షపాతం లేకుండా చెప్పాలంటే, ఆ ఒక్క అడుగు ఆయన తీర్పులపై లేనిపోని అనుమానాలకు తావిచ్చింది.

ఆయన చివరి రోజులు ఎమర్జెన్సీలో గడిచాయి. పత్రికలపై సెన్సారు, విచారణ లేని నిర్బంధాలు. అలా నిర్బంధితులైనవారు లోహియా వలెనే హెబియస్ కార్పస్ అర్జీలు వేశారు. పలు హైకోర్టులు విన్నాయి గాని, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అటువంటి అర్జీ వేసే హక్కే లేదన్నది. అయిదుగురిలో జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావుగారు కన్నుమూశారు.

2012లో కర్ణాటకకు చెందిన పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి ఆధార్ విషయమై ఒక రిట్ వేశారు. అది పెరిగి పెరిగి, ఏకాంతం హక్కు అవునా కాదా అనే ప్రశ్నగా తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా అవునన్నారు. 1976 నాటి నిర్బంధాల తీర్పును ఆ నిర్ణయంతోనే రద్దు చేశారు. ఖరక్ సింగ్ వ్యాజ్యంలో అధిక సంఖ్యాకులు ఏకాంతపు హక్కును కాదన్న భాగాన్ని త్రోసివేసి, సుబ్బారావుగారు వ్రాసినదే సరియైనదన్నారు. తలుపు తట్టే పోలీసులపై ఖరక్ సింగ్ ఆ తీర్పు పొంది అప్పటికి యాభై నాలుగేళ్లు దాటాయి.