ఆరణాల కూలీ... ముఖ్యమంత్రి... సికిందరాబాద్ ఎం.పి.
కార్మిక నాయకుడు కీ.శే. టి. అంజయ్య జీవితం – నియోజకవర్గ చరిత్రలో ఒక అధ్యాయం

బౌద్ధనగర్: తార్నాక, సీతాఫల్‌మండి, వారాసిగూడ, పార్సిగుట్ట ప్రాంతాల మధ్య ఉన్న బౌద్ధనగర్ ఓటరు లోక్‌సభ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ సికిందరాబాద్ నియోజకవర్గానికే ఓటు వేస్తాడు. ఈ నియోజకవర్గం నుంచి న్యాయకోవిదులు గెలిచారు, మేధావులు గెలిచారు, కేంద్ర మంత్రులైన వారూ ఉన్నారు. అయితే కర్మాగారంలో రోజు కూలీగా బతుకు మొదలుపెట్టి రాష్ట్ర ముఖ్యమంత్రి పదవిని అధిష్ఠించి, ఆ తర్వాత ఇక్కడి ఓటర్ల తీర్పుతో లోక్‌సభలో అడుగుపెట్టిన వారు ఒక్కరే. ఆయనే కీర్తిశేషులు టంగుటూరి అంజయ్య. ఆయన కన్నుమూసి నాలుగు దశాబ్దాలు కావస్తున్నా, రైల్వే కార్మికులు, మిల్లు కార్మికులు కాపురమున్న ఈ బస్తీలలో ఆయన పేరు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

పల్లె నుంచి పట్నానికి

అంజయ్య 1919 ఆగస్టు 16వ తేదీన మెదక్ జిల్లా భానూరు గ్రామంలో జన్మించారు. పటాన్‌చెరు సమీపాన ఉన్న ఈ గ్రామం ప్రస్తుతం సంగారెడ్డి జిల్లాలో చేరింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు రామకృష్ణారెడ్డి. లోకానికి మాత్రం ఆయన అంజయ్యగానే తెలుసు. హైదరాబాదులో సుల్తాన్‌బజార్ హైస్కూలులో చదువుకున్నారు. ఆ చదువు పెద్ద కొలువు కోసం ఉపయోగపడలేదు. బతుకుతెరువు కోసం హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారంలో కూలీగా చేరారు. రోజుకు ఆరణాల కూలి.

1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి భాగస్వామ్యంతో ప్రారంభమైన ఆల్విన్ సంస్థ ఇనుప బీరువాలు, బస్సుల బాడీలు, ఆ తర్వాత ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు తయారు చేసి దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఆ వస్తువుల వెనుక ఉన్న కార్మికుల కష్టం ఎంతటిదో అంజయ్య స్వయంగా అనుభవించారు. కూలి పెంపు, పని గంటలు, ఉద్యోగ భద్రత వంటి విషయాల మీద తోటి కార్మికుల పక్షాన యాజమాన్యంతో మాట్లాడడం మొదలుపెట్టి క్రమంగా కార్మిక సంఘ నాయకుడయ్యారు. కాంగ్రెస్ పక్షపు కార్మిక సంస్థ అయిన ఐ.ఎన్.టి.యు.సి.లో ముఖ్యునిగా ఎదిగారు.

ఆ రోజుల్లో జంటనగరాల రాజకీయాలు అర్థం కావాలంటే కర్మాగారాలను చూడవలసిందే. సనత్‌నగర్ వైపు ఆల్విన్, ఆజామాబాద్‌లో చార్మినార్ సిగరెట్లు తయారు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ, కవాడిగూడలో ప్రాగా టూల్స్, ట్యాంకుబండ్ దిగువన డి.బి.ఆర్. మిల్లు, లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాపు – ఇవన్నీ వేలాది కుటుంబాలకు అన్నం పెట్టినవే. మిల్లు గేటు వద్ద మీటింగు పెట్టగల నాయకునికి ఓట్ల పెట్టె వద్ద కూడా బలం ఉండేది.

ముషీరాబాద్ గెలుపు, ఓటమి

కార్మికులు ఎక్కువగా నివసించే ముషీరాబాద్ అంజయ్యకు రాజకీయ జన్మస్థానమైంది. ఇక్కడి నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా 1967లోను, తిరిగి 1972లోను శాసనసభకు ఎన్నికయ్యారు. జలగం వెంగళరావు మంత్రివర్గంలో కార్మిక శాఖను నిర్వహించారు. ఒకనాటి ఆరణాల కూలీ అదే కార్మికుల శాఖకు మంత్రి కావడం బస్తీలకు గర్వకారణమైంది.

అయితే ఓటరు ఎవరికీ శాశ్వతంగా రాసిచ్చేవాడు కాదు. 1978లో కాంగ్రెస్ రెండు ముక్కలై ఇందిరా కాంగ్రెస్, రెడ్డి కాంగ్రెస్‌గా చీలింది. జనతా పార్టీ మూడో పక్షంగా రంగంలోకి దిగింది. ఆ ఎన్నికలలో ముషీరాబాద్‌లో మంత్రి అంజయ్యను ఓడించి జనతా అభ్యర్థి నాయిని నర్సింహారెడ్డి తొలిసారి శాసనసభలో ప్రవేశించారు. నాయిని కూడా కార్మిక సంఘ నాయకుడే కావడం విశేషం. కార్మికుల గడ్డపై ఒక కార్మిక నాయకుని మరో కార్మిక నాయకుడు ఓడించారన్న మాట. ఈ కథ ఇక్కడితో ముగియలేదు. ముప్పై ఏళ్ల తర్వాత మరో మలుపు తిరిగింది. దానిని చివరలో చెప్పుకుందాం.

సికిందరాబాద్ స్థానం తీరు

ఈ లోగా సికిందరాబాద్ లోక్‌సభ స్థానం చరిత్రను ఒకసారి చూడాలి. 1957లోను 1962లోను అహ్మద్ మొహియుద్దీన్, 1967లో బాకర్ అలీ మీర్జా కాంగ్రెస్ పక్షాన గెలిచారు. 1969లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కేంద్రంగా ప్రత్యేక తెలంగాణ ఉద్యమం చెలరేగింది. తార్నాక రోడ్డు మీద విద్యార్థుల ఊరేగింపులు, లాఠీచార్జీలు, కాల్పులు ఈ ప్రాంతం మరచిపోలేనివి. దాని ఫలితం 1971 ఎన్నికలలో కనిపించింది. తెలంగాణలో 10 స్థానాలు గెలిచిన తెలంగాణ ప్రజా సమితి సికిందరాబాద్‌ను కూడా దక్కించుకుంది. అప్పుడు గెలిచిన ఎం.ఎం. హాషిం 1977లో కాంగ్రెస్ అభ్యర్థిగా తిరిగి ఎన్నికయ్యారు. 1979 ఉపఎన్నికలోను, 1980 సాధారణ ఎన్నికలోను ఇందిరా కాంగ్రెస్ పక్షాన పి. శివశంకర్ విజయం సాధించి కేంద్రంలో న్యాయశాఖ మంత్రి అయ్యారు.

అనుకోకుండా ముఖ్యమంత్రి

1978 ఓటమితో అంజయ్య రాజకీయ జీవితం ముగిసిందని చాలామంది తలచారు. కాని 1980లో ఆయన రాజ్యసభకు ఎన్నికై, ఇందిరాగాంధీ ప్రభుత్వంలో కార్మిక శాఖ సహాయమంత్రి అయ్యారు. అదే సంవత్సరం రాష్ట్రంలో ముఖ్యమంత్రి డాక్టర్ మర్రి చెన్నారెడ్డిపై సొంత పార్టీలోనే అసమ్మతి ముదిరింది. ఆయన స్థానంలో ఢిల్లీ పెద్దలు అంజయ్యను ఎంపిక చేశారు. 1980 అక్టోబరు 11న అంజయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు.

చట్టసభలో సభ్యుడు కాని వ్యక్తి మంత్రి అయితే ఆరు నెలలలోగా శాసనసభకో శాసనమండలికో ఎన్నిక కావాలని రాజ్యాంగం నిర్దేశిస్తున్నది. అందువల్ల అంజయ్య రాజ్యసభ సభ్యత్వాన్ని వదలుకుని, 1981లో తన సొంత జిల్లా మెదక్‌లోని రామాయంపేట నుంచి ఉపఎన్నికలో శాసనసభకు వచ్చారు.

ఆయన పాలనను తలచుకున్నప్పుడు అందరికీ ముందుగా గుర్తు వచ్చేది 61 మందితో కూడిన మంత్రివర్గం. పత్రికలు దానికి జంబో మంత్రివర్గమని పేరు పెట్టాయి. పార్టీలోని వర్గాలన్నిటినీ తృప్తి పరచడానికి అందరికీ పదవులు పంచవలసి వచ్చింది. తన సొంత బలంతో కాక పైవారి దయతో పదవికి వచ్చిన ముఖ్యమంత్రికి అది తప్పని అవస్థ. ప్రజాధనం మీద అది భారమన్న విమర్శ కూడా న్యాయమైనదే. దాన్ని దాచిపెట్టి ఆయనను పొగడవలసిన పని లేదు.

అదే విధంగా ఆయన చేసిన మంచిని కూడా మరువరాదు. 1970 తర్వాత పదకొండేళ్లపాటు జరగని పంచాయతీ ఎన్నికలు 1981లో ఆయన హయాంలోనే జరిగాయి. పల్లెలకు మళ్లీ తమ సర్పంచులు దక్కారు. ముఖ్యమంత్రిగా ఉన్నా తెలంగాణ యాసలో ఉర్దూ కలిపి మాట్లాడడం, చతుర్లాడడం, వచ్చిన పేదవానిని పలకరించి పంపడం ఆయన మానలేదు. చదువుకున్నవారు కొందరు ఆ మాటతీరును చూసి నవ్వుకున్నారు. బస్తీ జనం మాత్రం ముఖ్యమంత్రి తమ మాటే మాట్లాడుతున్నాడని సంతోషించారు.

బేగంపేటలో అవమానం

1982 ఫిబ్రవరిలో అప్పటి అమేథీ ఎం.పి. రాజీవ్ గాంధీ హైదరాబాద్ వచ్చారు. ఆయనకు ఘనంగా స్వాగతం చెప్పాలని అంజయ్య కార్యకర్తలతో, పూలదండలతో బేగంపేట విమానాశ్రయానికి తరలివెళ్లారు. విమానం నిలిచే చోటుకే జనం చేరడం రాజీవ్ గాంధీకి నచ్చలేదు. స్వయంగా విమానం నడిపిన అనుభవం ఉన్న ఆయనకు అది భద్రతకు విరుద్ధమనిపించింది. అందరి ముందూ ముఖ్యమంత్రిపై ఆగ్రహం వ్యక్తం చేశారు. తన తండ్రి వయసుకు దగ్గరైన ముఖ్యమంత్రి కళ్లనీళ్ల పర్యంతమయ్యారన్న వార్త మర్నాటికి రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆ నెల ముగియకముందే, ఫిబ్రవరి 24న అంజయ్య పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. పదహారు నెలల పాలన అలా ముగిసింది. భవనం వెంకట్రాం ఆయన స్థానంలోకి వచ్చారు. సెప్టెంబరులో ఆయననూ మార్చి కోట్ల విజయభాస్కరరెడ్డిని కూర్చోబెట్టారు. అయిదేళ్ల కాలంలో నలుగురు ముఖ్యమంత్రులు!

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసినదే. 1982 మార్చి 29న నందమూరి తారకరామారావు తెలుగుదేశం పార్టీని స్థాపించారు. తెలుగువారి ఆత్మగౌరవమే నినాదంగా ఊరూరా తిరిగారు. బేగంపేట సంఘటన ఆయన ప్రచారంలో పదునైన అస్త్రమైంది. 1983 జనవరిలో 200కు పైగా స్థానాలతో కాంగ్రెస్‌ను గద్దె దించారు. చిత్రమేమంటే, ఎవరి అవమానం గురించి రాష్ట్రమంతా మాట్లాడిందో ఆ అంజయ్య మాత్రం పార్టీని వీడలేదు. ఆ కోపాన్ని ఓట్లుగా మార్చుకునే ప్రయత్నమూ చేయలేదు. దీనిని విధేయత అన్నవారూ ఉన్నారు, అమాయకత్వమన్నవారూ ఉన్నారు.

సికిందరాబాద్ తీర్పు

1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఇందిరాగాంధీ హత్యానంతర సానుభూతితో కాంగ్రెస్ దేశమంతటా 400కు పైగా స్థానాలు గెలిచినా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశం గాలి వీచింది. మొత్తం 42 స్థానాలలో తెలుగుదేశానికి 30 దక్కగా, కాంగ్రెస్‌కు దక్కినవి కేవలం 6. ఆ ఆరింటిలో సికిందరాబాద్ ఒకటి. గెలిచిన అభ్యర్థి అంజయ్య. ఢిల్లీ దించివేసిన మనిషిని లాలాగూడ, ముషీరాబాద్, సనత్‌నగర్ ఓటర్లు తలెత్తుకునేలా తిరిగి ఢిల్లీకే పంపారు. నాడు బేగంపేటలో కోపగించిన రాజీవ్ గాంధీయే ప్రధానిగా ఆయనను తన ప్రభుత్వంలోకి తీసుకుని కార్మిక శాఖను అప్పగించారు.

ఎం.పి.గా ఆయన పూర్తి కాలం ఉండలేదు. 1986 అక్టోబరు 19న అంజయ్య తుదిశ్వాస విడిచారు.

ముప్పై ఏళ్ల తర్వాత

1987లో జరిగిన ఉపఎన్నికలో ఆయన సతీమణి టి. మణెమ్మ సికిందరాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1989లో మళ్లీ గెలిచారు. 1991లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి బండారు దత్తాత్రేయ ఈ స్థానాన్ని తొలిసారి గెలుచుకోవడంతో నియోజకవర్గ రాజకీయం కొత్త దారి పట్టింది. ఆనాటి నుంచి కాంగ్రెస్, భాజపాల మధ్యనే ఈ స్థానం చేతులు మారుతూ వచ్చింది.

ఇక ముందు చెప్పిన మలుపు. 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి పక్షాన ముషీరాబాద్‌లో గెలిచిన నాయిని నర్సింహారెడ్డి 2008లో తెలంగాణ కోసం రాజీనామా చేశారు. ఉపఎన్నికలో ఆయనపై కాంగ్రెస్ నిలిపింది మణెమ్మనే. ఆమె గెలిచారు. 1978లో భర్తను ఓడించిన ప్రత్యర్థిని 2008లో భార్య ఓడించారు. 2009లోనూ ఆమెనే ఓటర్లు ఎన్నుకున్నారు. నాయిని ఆ తర్వాత తెలంగాణ తొలి ప్రభుత్వంలో శాసనమండలి సభ్యునిగా ఉంటూ హోంమంత్రిగా పనిచేసి, 2020లో కాలధర్మం చెందారు.

2009 నుంచి అమలులోకి వచ్చిన పునర్విభజన ప్రకారం సికిందరాబాద్ లోక్‌సభ పరిధిలో ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికిందరాబాద్ శాసనసభ స్థానాలు ఉన్నాయి. అంజయ్య కూలీగా చేరిన ఆల్విన్ ప్రాంతం, ఆయనను గెలిపించి ఓడించిన ముషీరాబాద్ రెండూ ఇందులోనివే. ఆల్విన్ 1990లలో ముక్కలై కనుమరుగైంది. డి.బి.ఆర్. మిల్లు మూతపడింది. గేటు మీటింగులు పోయాయి. కర్మాగారం నుంచి నాయకుడు పుట్టుకొచ్చే ఆ దారి కూడా వాటితోనే మూసుకుపోయింది.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న లుంబినీ పార్కుకు ఆయన పేరు పెట్టారు. టి. అంజయ్య లుంబినీ పార్కు అని బోర్డు ఉన్నా, జనం లుంబినీ పార్కు అనే అంటారు. బుద్ధుని పేరున్న మన బస్తీ నుంచి బుద్ధుడు పుట్టిన చోటు పేరున్న ఆ పార్కుకు పిల్లలను తీసుకువెళ్లే తల్లిదండ్రులు, ముందున్న ఆ పేరు ఎవరిదో ఒక్కమాట చెబితే బాగుంటుంది. పదవి ఇచ్చిన పెద్దలు ఒక్క నెలలో దానిని తీసుకోగలిగారు. ఓటర్లు ఇచ్చిన గౌరవాన్ని మాత్రం ఆయన బతికి ఉన్నంతవరకు ఎవరూ తీసుకోలేకపోయారు.