వేలపాటకు గణితము చెప్పిన విలియమ్ విక్రీ

వేలపాటను చూడనివారు మనలో అరుదు. పాట పెట్టువాడు సరుకు నెత్తి చూపును. ఒకరు వంద యనిన వేరొకరు నూటపది యందురు. మూడవసారి కేక వేయగానే హెచ్చుపాట పాడినవానికి సరుకు దక్కును. ఇప్పుడీ వ్యాపారము అంతర్జాలమందును జరుగుచున్నది. అచ్చట కొనువాడు కడదాక కనిపెట్టుకొని కూర్చుండ నక్కరలేదు. తానీయదలచిన గరిష్ఠ ధరను ఒక్కసారి తెలిపి నిద్రించినను, కంప్యూటరే వాని పక్షమున పాడుచుండును. ఇట్టి పద్ధతియందు కొనువాడు ఉన్నమాట చెప్పుటయే వానికి లాభమని, అంతర్జాలము పుట్టకముందే గణితముతో చూపిన ఆచార్యుడు విలియమ్ విక్రీ.

ఈయన 1914వ సంవత్సరము జూను 21వ తేదీన కెనడా దేశమందలి విక్టోరియా పట్టణమున జన్మించెను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున గణితము చదివి 1935లో పట్టభద్రుడయ్యెను. పిమ్మట న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించెను. ఈయన క్వేకరు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆయుధము పట్టుట మనస్సాక్షికి విరుద్ధమని నిరాకరించి, దానికి బదులుగా ప్రజాసేవకు నియుక్తుడై, కొంతకాలము పోర్టోరికో ద్వీపమునకు వారసత్వపు పన్ను విధానమును రచించుటలో గడపెను. 1946లో కొలంబియాలో బోధకుడై, తుదివరకు ఆ విద్యాలయముతోడి సంబంధమును విడువలేదు.

న్యూయార్కు భూగర్భ రైళ్లలో రద్దీ వేళల ఎక్కువ చార్జీయు, తక్కిన వేళల తక్కువ చార్జీయు నుండవలెనని 1950ల తొలినాళ్లలో ఈయన సలహా చెప్పెను. అధికారులు దానిని చేపట్టలేదు. నగర వీథులలో తిరుగు కార్లకును అట్లే రుసుము విధింపవలెనని వాదించెను. 1975లో సింగపూరు అట్టి రుసుము పెట్టినది. లండను 2003లో, అనగా ఈయన మరణించిన తరువాత, పెట్టినది.

వేలమును గూర్చిన వ్యాసము 1961లో వెలువడెను. కవరులలో ధర వ్రాసి యిచ్చు టెండరు పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. హెచ్చుధర వ్రాసినవాడు తాను వ్రాసినంతయు చెల్లింపవలెను. అందుచే ఎవడును తన మనస్సులోని ధరను వ్రాయడు. ఎదుటివాడెంత వ్రాయునోయని ఊహించి, కొంత తగ్గించి వ్రాయును. ఊహ తప్పెనా, సరుకు చేజారును. విక్రీ మరియొక నియమమును పరిశీలించెను. హెచ్చుధర వ్రాసినవానికే సరుకు దక్కవలెను గాని, అతడు చెల్లింపవలసినది రెండవవాడు వ్రాసిన ధర మాత్రమే. తపాలాబిళ్లల వర్తకులు కొందరు పందొమ్మిదవ శతాబ్ది చివరనే ఇట్టి పద్ధతి నవలంబించియుండిరి. అది యేల మేలైనదో గణితముచే నిరూపించిన కీర్తి మాత్రము విక్రీది.

విద్యార్థులారా, ఒక లెక్క చూడుడు. ఒక పాత గోడగడియారము 500 రూపాయలకు పాటకు వచ్చినదనుకొనుడు. పాట 10 రూపాయల చొప్పున పెరుగును. రామయ్యకు దాని విలువ 900. అతడు ఆ సంఖ్యనే కంప్యూటరునకు రహస్యముగా తెలిపెను. బయటికి మాత్రము 500 అనియే కనబడును. తరువాత సీతయ్య వచ్చి 700 తన గరిష్ఠ ధరయని తెలిపెను. వెంటనే యంత్రము రామయ్య పక్షమున 710 పాడి యాగును. వేరెవరును రానియెడల గడియారము రామయ్యకు 710కే దక్కును, 900కు కాదు.

రామయ్య గడుసుదనమునకు పోయి 650 అని మాత్రమే తెలిపియుండినచో, సీతయ్య 660కే గడియారమును కొనిపోవును. ఆశకొద్ది 1,200 అని తెలిపి, సీతయ్య తరువాత వేరొకడు 1,100 పాడినచో, 900 విలువగల వస్తువునకు రామయ్య 1,110 చెల్లింపవలసివచ్చును. తగ్గించి చెప్పినను నష్టమే, పెంచి చెప్పినను నష్టమే. పాట ముగియు చివరి క్షణమున ఎవడో దూరి తన్నుకొని పోవునను భయము కొందరికి కలదు. నిజమైన విలువను ముందే చెప్పినవానికి ఆ భయమేల? వానిని మించి పాడినవాడు, వాడు ఈయనొల్లని ధరనే పాడినాడు గదా.

అయితే అమ్మువాడు దొంగపాటగానిని నిలిపి, గెలుచువాని ధరకు కొంచెము తక్కువగా పాడించినచో ఏమగును? రామయ్య చేత ఊరక 890 కక్కింపవచ్చును. ఈ మోసమును విక్రీ ఆ వ్యాసముననే గుర్తించి, కవరులన్నియు నమ్మకస్థుడైన మధ్యవర్తి చేతికి చేరి, ఆయన వానిని ధ్రువపరచి ఒక్కమారుగా అమ్మువానికి అందజేయుట మేలని సూచించెను. నా దృష్టిలో ఆ వ్యాసమందలి మిక్కిలి విలువైన భాగమిదియే. తాను యుద్ధమునకు పోనొల్లనంతటి నిష్ఠ గలవాడయ్యును, లోకులందరును తనవంటివారేయని భ్రమపడలేదు.

సభలలో ఈయన కన్నులు మూసికొని నిద్రించుచున్నట్లే యుండి, తటాలున లేచి ఉపన్యాసకుని తికమకపెట్టు ప్రశ్న వేసెడివాడని సహోద్యోగులు నవ్వుచు చెప్పుకొనెడివారు. వేలపు వ్యాసమును చాలకాలమెవరును పెద్దగా పట్టించుకొనలేదు. ఆయనయు దానిని గొప్పపనిగా నెంచలేదు. పని దొరకక బాధపడువారి సంగతియే ఆయన మనస్సును కలచుచుండెను.

1996వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన అర్థశాస్త్రమునందలి నోబెలు బహుమానము విక్రీకిని, ఇంగ్లండునందలి జేమ్స్ మిర్లీస్‌కును కలిపి ప్రకటింపబడెను. విక్రీకి అప్పుడు 82 ఏండ్లు. పత్రికలవారు వేలములను గూర్చి యడుగుచుండిరి. ఈ కీర్తితోనైనను నిరుద్యోగమును గూర్చిన తన మాట ప్రభుత్వముల చెవిని పడునని ఆయన యాశించెను. మూడు దినములకే, ఒక విద్వత్సభకు తానే కారు నడపుకొని పోవుచుండగా, దారిలో గుండె ఆగి మరణించెను. మరణించినవారికి ఈ బహుమానము నీయరు గాని, ప్రకటన ముందే జరిగినందున అది ఆయనకు నిలిచెను. డిసెంబరులో స్టాక్‌హోమున ఆయనకు బదులుగా మిత్రుడొకడు దానిని స్వీకరించెను.