గడియారాల పని నుంచి సైన్సులోకి – పెల్టియర్ జీవితం



ఈసారి గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. గాంధీజీ గురించి, అంబేద్కర్ గారి గురించి, మన అల్లూరి సీతారామరాజు గారి గురించి ఇంతకుముందే రాసేశారు. అందుకని నేను పెల్టియర్ అనే శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. సైన్స్ ఫెయిర్ వచ్చేదాకా నేను కూడా వినలేదు.

మన కంప్యూటర్ రూములో కిటికీ పక్క కంప్యూటర్ ఎండలు ముదిరాక మాటిమాటికీ ఆగిపోయేది, గుర్తుందా? సార్ దాని డబ్బా విప్పి చూపించారు. లోపల ప్రాసెసర్ అని అగ్గిపెట్టె అంత పలక ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. చేసేటప్పుడు బాగా వేడెక్కుతుంది. దాని మీద అల్యూమినియం రేకులు, రేకుల మీద ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను నిండా దుమ్ము. వేడి పోయే దారి లేక, పాడవకుండా కంప్యూటర్ తనంతట తనే ఆగిపోతోందన్నమాట. సార్ బ్రష్షుతో దులిపితే బాగయింది. దాని మీద ఐసు పెట్టకూడదా సార్ అని నేను అడిగాను. అందరూ నవ్వారు. సార్ మాత్రం నవ్వలేదు. కరెంటుతో చల్లబడే బిళ్ళ ఒకటి ఉంది, ఫెయిర్‌కి తెస్తాను అన్నారు.

తెచ్చారు కూడా. తెల్లటి బిళ్ళ, నాలుగు సెంటీమీటర్ల పలక, ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి. దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకోమని తీగలు బ్యాటరీకి తగిలించారు. బొటనవేలుకి మంచు ముట్టుకున్నట్టు చల్లగా అయింది. చూపుడు వేలు చురుక్కుమంది, వదిలేశాను. తీగలు అటుది ఇటు మార్చారు. ఈసారి బొటనవేలు కాలింది! దీన్ని పెల్టియర్ బిళ్ళ అంటారు అని సార్ చెప్పారు. అప్పుడే ఆయన గురించి రాయాలనుకున్నాను.

ఆయన పూర్తి పేరు జీన్ చార్లెస్ అథనేస్ పెల్టియర్. ఫ్రాన్స్ దేశంలో సోమ్ నది దగ్గర హామ్ అనే చిన్న ఊళ్ళో 1785 ఫిబ్రవరి 22న పుట్టారు. ఆయనకు నాలుగేళ్ళు ఉన్నప్పుడే ఆ దేశంలో 1789 విప్లవం వచ్చింది. దాని గురించి మన సాంఘిక శాస్త్రంలో ఉంది కాబట్టి ఇక్కడ రాయను. పెద్ద కాలేజీ చదువు చదివి శాస్త్రవేత్త అయినవారు కాదు ఆయన. గడియారాల పని నేర్చుకున్నారు. పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగే అనే పేరుపడ్డ గడియారాల మేస్త్రీ దగ్గర పనిచేశారు. బ్రెగే అంటే రాజులకు, రాణులకు గడియారాలు చేసిన మనిషి.

గడియారం పని అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. మా సంతలో ఒక తాత కంట్లో భూతద్దం ఇరికించుకుని కూర్చుంటాడు. ఆవగింజ అంత మరను చిమటాతో తీసి పెడతాడు. చెయ్యి వణికితే అంతే సంగతులు. మా అయ్య బియ్యం మూట దించి ఆయన దగ్గరే సేద తీరేవాడు, నేను చూస్తూ ఉండేదాన్ని. పెల్టియర్ గారు దాదాపు 30 ఏళ్ళు వచ్చేదాకా ఆ పనే చేశారు. తర్వాత అది మానేసి సైన్సు ప్రయోగాల్లో పడ్డారు. ముప్పై ఏళ్ళకి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవడం అంటే నాకు ఆశ్చర్యమే. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు పుస్తకంలో తెలుగు చదవడానికే ఏడ్చేదాన్ని.

1821లో జర్మనీలో సీబెక్ అనే ఆయన ఒక సంగతి కనిపెట్టారు. రెండు రకాల లోహాలను రెండు చోట్ల అతికి, ఒక అతుకును వేడి చేస్తే కరెంటు పుడుతుంది. పెల్టియర్ గారు బ్యాటరీ నుంచి కరెంటును అలాంటి అతుకులోకి పంపించి చూశారు. బిస్మత్, ఆంటిమొని అనే లోహాల కడ్డీలు వాడారు. అది 1834వ సంవత్సరం. కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది అని అప్పటికే అందరికీ తెలుసు. ఆయనకేమో అతుకు దగ్గర ఒకవైపు కరెంటు పంపితే వేడి, తిప్పి పంపితే చలి వచ్చాయి. గాలి థర్మామీటరుతో కూడా చూశారు. నిజంగానే చల్లబడింది.

ఇక్కడ నేను ఒక విషయం చెప్పాలి. లేకపోతే ఇది రాసి ఉపయోగం లేదు. మొన్న ల్యాబులో నీళ్ళు మరిగించి ఉష్ణోగ్రత రాయమన్నారు. నా థర్మామీటరులో 97 దగ్గర ఆగింది. పుస్తకంలో 100 ఉంది. నా పక్క ముగ్గురూ 100 రాశారు. నేను రబ్బరుతో 97 చెరిపేసి 100 రాశాను. రికార్డుకి మంచి మార్కులు వచ్చాయి.

పెల్టియర్ గారు అలా చెరపలేదు. ఎందుకు చల్లబడుతుందో ఆయనకు సరిగ్గా అర్థం కాలేదు. ఆయన చెప్పిన కారణం తర్వాత నిలవలేదు కూడా. కానీ చూసింది చూసినట్టు అచ్చు వేయించారు. నాలుగేళ్ళకి 1838లో రష్యాలో లెంజ్ అనే శాస్త్రవేత్త అతుకు మీద చిన్న గుంట చేసి నీటి చుక్క వేశారు. ఒకవైపు కరెంటు పంపితే చుక్క గడ్డకట్టింది. తిప్పి పంపితే కరిగింది. ఇంక కాదనడానికి ఎవరికీ వీలు లేకుండా పోయింది.

ఎందుకు చల్లబడుతుందంటే, సార్ చెప్పింది నా మాటల్లో రాస్తాను. కరెంటు అంటే ఎలక్ట్రాన్ల నడక. ఒక్కో పదార్థంలో అవి మోసే శక్తి ఒక్కోలా ఉంటుంది. ఒక అతుకు దగ్గర వాటికి పెద్ద గంప ఇచ్చినట్టు, అక్కడి వేడిని ఎత్తుకుంటాయి. ఇంకో అతుకు దగ్గర దింపేస్తాయి. ఎత్తుకున్న చోటు చల్లన, దింపిన చోటు వేడి. నడక తిప్పితే ఎత్తే చోటు, దింపే చోటు తారుమారు.

వట్టి లోహాలతో వచ్చే చలి చాలా తక్కువ. 1950ల నుంచి అర్ధవాహకాలతో చేయడం మొదలయ్యాక పనికొచ్చే బిళ్ళలు వచ్చాయి. సార్ తెచ్చిన దానిలో 127 జతల చిన్న చిన్న ముక్కలు ఉన్నాయట. వాటిలో ఇప్పటికీ బిస్మత్ ఉంటుంది, టెల్లూరియంతో కలిపి. కరోనా టెస్టు చేసిన ఆర్‌టీపీసీఆర్ యంత్రాల్లో చాలావాటిలో శాంపిలును వేడి చేసి చల్లార్చేది ఇలాంటి బిళ్ళలే.

మరి మన కంప్యూటర్‌కి పెట్టొచ్చా? పెట్టొచ్చు, 1990లలోనే కొందరు పెట్టారు. చల్లటి వైపు ప్రాసెసర్‌కి, వేడి వైపు రేకులకు ఆనించాలి. కానీ బిళ్ళ వేడిని మాయం చేయదు, అటు నుంచి ఇటు మోస్తుంది, అంతే. పైగా అది తాగిన కరెంటు కూడా వేడే అవుతుంది. ప్రాసెసర్ 60 వాట్ల వేడి ఇచ్చి, బిళ్ళ 60 వాట్ల కరెంటు తింటే, ఫ్యాను 120 వాట్ల వేడిని బయటికి తొయ్యాలి. ఆ ఫ్యాను ఆగిందా, బిళ్ళా ప్రాసెసరూ రెండూ కాగిపోతాయి. మరీ చల్లబడితే ఇంకో తంటా. చల్లనీళ్ళ చెంబుకి బయట చెమట పట్టినట్టు ప్రాసెసర్ చుట్టూ నీళ్ళు పడతాయి. కరెంటు ఉన్న చోట నీళ్ళు ఎంత ప్రమాదమో మీకు తెలుసు. అందుకే మామూలు కంప్యూటర్లకు రేకులూ ఫ్యానే పెడతారు. దుమ్ము దులిపితే చాలు, ఆ పని ఈ నెల మా తొమ్మిదో తరగతి వంతు.

పెల్టియర్ గారు తర్వాత ఆకాశం వైపు తిరిగారు. మబ్బుల్లో, గాలిలో ఉండే విద్యుత్తు గురించి, సముద్రం మీద లేచే సుడిగాలి స్తంభాల గురించి చాలా రాశారు. 1845 అక్టోబర్ 27న పారిస్‌లో చనిపోయారు. అప్పటికి 60 ఏళ్ళు.

ఆయన పరిశీలించిన విషయాల్లో ఇంకొకటి చదివి నేను పుస్తకం మూసేశాను. ఎత్తైన చోట్ల నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి అన్నది. కొండ ఎక్కినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్ళు 100 కన్నా ముందే మరుగుతాయి. మన బడి సముద్రం కన్నా దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో 97 దగ్గరే మరుగుతాయి.

నా థర్మామీటరు చెడిపోలేదు. రికార్డు మీద సంతకం అయిపోయింది, అయినా 100 పక్కన పెన్నుతో 97 అని రాసి పెట్టాను. సైన్స్ మేడమ్ గారికి ఇంకా చెప్పలేదు. ఈ పేజీ చూస్తే ఆవిడకే తెలుస్తుంది.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని