బందరు బడి పంతులు నోబుల్ దొర

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగితే, బడి రోజుల జ్ఞాపకాలు రాయబోయి మానుకున్నాను. ఆ పని నాకంటే బాగా చేయగలవాళ్లు మన బ్యాచ్‌ల్లో చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా సుద్దముక్క పట్టినవాణ్ని కాబట్టి, ఒక బడి పంతులు గారి జీవితం రాస్తున్నాను. మనవలు ఏ కోర్సులో చేరాలి, ఎంత జీతం వస్తుంది అని మనమంతా లెక్కలు వేసుకుంటున్న రోజులివి. ఒక్క పనిని ఎంచుకుని, దాన్ని దేవుడే తనకు అప్పగించాడని నమ్మి, ఊపిరి ఆగేదాకా వదలని మనిషి గురించి చెప్పాలనిపించింది.

ఆయన పేరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. మన విజయవాడకు డెబ్బై కిలోమీటర్ల దూరంలో బందరులో నోబుల్ కాలేజీ ఉందని జిల్లాలో అందరికీ తెలుసు. అది ఒక మనిషి ఇంటిపేరని తెలిసినవాళ్లు తక్కువ. ఘనమైన కాలేజీ కాబట్టి ఆ పేరు పెట్టారనుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను.

నోబుల్ గారు 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో, ఫ్రిస్బీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి చర్చి గురువు. కేంబ్రిడ్జిలో సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివారు. ఆ చదువుతో తండ్రిలాగే ఏదో ఒక పల్లె చర్చిలో స్థిరపడి హాయిగా బతకవచ్చు. ఆయన మాత్రం చర్చి మిషనరీ సొసైటీలో చేరి, 1841లో ఓడెక్కి మద్రాసు మీదుగా బందరు చేరారు. అప్పటికి ఆయన వయసు ముప్పై రెండు. ఆయనతో పాటు వచ్చినవాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్, ఇరవై నాలుగేళ్ల యువకుడు.

ఇద్దరి నమ్మకం ఒక్కటే గాని దారులు వేరు. ఫాక్స్ ఊళ్లు తిరిగి, సంతల్లోనూ వీధుల్లోనూ నిలబడి తెలుగులో బోధించేవారు. నోబుల్ గారికి తిరుగుడు పడదు. పెద్ద కులాల కుర్రవాళ్లకు మంచి చదువు చెబుతూ, ఆ చదువుతో పాటే బైబిలు నేర్పితే, వాళ్ల ద్వారా మొత్తం సమాజం మారుతుందని ఆయన లెక్క. ముందు తెలుగు నేర్చుకుని, 1843 నవంబరులో బడి తెరిచారు. బైబిలు పాఠం అందరికీ తప్పనిసరి. ఈ విషయం ఆయన ఎవరి దగ్గరా దాచలేదు.

పాపం ఫాక్స్‌కు ఇక్కడి వాతావరణం కలిసిరాలేదు. 1845లో భార్య పోయింది, వెనువెంటనే పసిబిడ్డ పోయాడు. మిగిలిన పిల్లలను ఇంగ్లండులో దించి మళ్లీ బందరు వచ్చారు. ఆరోగ్యం చెడి తిరిగి వెళ్లి, 1848లో ముప్పై ఒకటో ఏట స్వదేశంలోనే కన్నుమూశారు. నోబుల్ గారు పెళ్లే చేసుకోలేదు. సెలవు మీద ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లలేదు. ఇరవై నాలుగేళ్లు! మా ఉద్యోగాల్లో ఆర్జిత సెలవులు కూడబెట్టుకున్న మాకు ఆ మాట మింగుడు పడదు.

తొమ్మిదేళ్లు బడి బాగానే నడిచింది. 1852లో అసలు పరీక్ష వచ్చింది. మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, ఐనాల భూషణం అనే వెలమ యువకుడు క్రైస్తవ మతం తీసుకుంటామని నోబుల్ గారి ఇంటికి వచ్చేశారు. బందరు అట్టుడికింది. బంధువులు వచ్చి ఏడ్చారు, బతిమాలారు, కోప్పడ్డారు. ఆ తల్లిదండ్రుల వైపు నుంచి చూడండి. మంచి చదువు వస్తుందని పంపిన కొడుకు ఒక రాత్రితో ఇంటికి పరాయివాడైపోయాడు. ఆనాటి కట్టుబాట్లలో అది చావుతో సమానం. ఆ దుఃఖాన్ని తేలిగ్గా తీసిపారేసే జీవిత చరిత్రలు నాకు నచ్చవు.

నోబుల్ గారి వైపు కూడా చూడాలి. బాప్తిస్మం ఇస్తే బడి ఖాళీ అవుతుందని ఆయనకు తెలుసు. వద్దని ఆ కుర్రాళ్లను వెనక్కి పంపితే బడి నిలుస్తుంది, కాని అది దేనికోసం పెట్టారో ఆ పని పోతుంది. ఆయన బడిని పణంగా పెట్టారు. అనుకున్నట్టే పిల్లలు వెళ్లిపోయారు, బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆయన ఊరు వదలలేదు. బైబిలు పాఠమూ తగ్గించలేదు. కొంతకాలానికి పిల్లలు మెల్లగా తిరిగివచ్చారు. తర్వాతి రోజుల్లో అదే బడిలో చదివిన జానీ అలీ అనే ముస్లిం యువకుడు కూడా క్రైస్తవుడై, కేంబ్రిడ్జిలో చదివి, మతగురువు అయ్యాడు. రత్నం, భూషణం ఇద్దరూ 1864లో గురువులుగా అభిషేకం పొందారు.

ఇంత పట్టుదల గల మనిషి ఒక చోట మాత్రం లోకానికి లొంగాడు. మాల, మాదిగ పిల్లలను తన బడిలో చేర్చుకోలేదు. వాళ్లు వస్తే మిగతావాళ్లు రారని ఆయన భయం. పిల్లలు రాకపోయినా సరేనని రెండు బాప్తిస్మాల దగ్గర నిలబడిన మనిషి, ఇక్కడ ఎందుకు నిలబడలేకపోయాడు? ఆ కాలం అలాంటిదని సరిపెట్టుకోమంటారు కొందరు. నేను సరిపెట్టుకోలేను. బడి గుమ్మం బయట ఎండలో నిలబడ్డ పిల్లవాడికి కాలం గురించి చెబితే ఏం లాభం?

విచిత్రం ఏమిటంటే, ఆయన లెక్క తలకిందులవడం ఆయన బతికుండగానే మొదలైంది, అదీ మన బెజవాడలో. 1859లో రాఘవాపురానికి చెందిన మాల పెద్ద పగోలు వెంకయ్య, దేవుణ్ని వెతుక్కుంటూ బెజవాడలో ఉన్న డార్లింగ్ అనే మిషనరీ దగ్గరికి తానే నడిచి వచ్చాడు. కాలేజీ చదువు లేదు, ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన వెనుక కుటుంబాలు, పల్లెలు కదిలాయి. కృష్ణా జిల్లాలో క్రైస్తవ సంఘాలు ఎక్కువగా పెరిగింది ఆ పల్లెల నుంచే గాని, నోబుల్ గారి తరగతి గది నుంచి కాదు.

1864 నవంబరు 1 రాత్రి తుపాను వచ్చి సముద్రం బందరు మీద పడింది. ముప్పై వేల మంది దాకా చనిపోయారంటారు. షార్కీ దంపతులు నడిపే బాలికల వసతి బడిలో ఎందరో పిల్లలు కొట్టుకుపోయారు. నోబుల్ గారు బతికి బయటపడ్డారు, కాని ఎక్కువ కాలం ఉండలేదు. 1865 అక్టోబరు 17న బందరులోనే చనిపోయారు.

బడి కాలేజీగా ఎదిగి ఆయన పేరు పెట్టుకుంది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ పాఠాలు చెప్పారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అక్కడ చదివి, తర్వాత ఆంధ్రా బ్యాంకు స్థాపించి, 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. పట్టాభి గారు క్రైస్తవులు కాలేదు. నోబుల్ గారు దీనికి సంతోషించేవారో, తలపట్టుకునేవారో మరి. తర్వాత అన్ని కులాల పిల్లలూ ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లారు. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరు, మాలపల్లె నుంచి వచ్చినవాడు, అక్కడే డిగ్రీ చదివాడు.