తాడు రెండో కొస పట్టుకున్నవాడు

స్కూబా డైవింగ్ అనగానే నీలం నీళ్లు, రంగురంగుల చేపలు, ఇన్‌స్టా రీల్స్ గుర్తొస్తాయి. డైవ్‌మాస్టర్ ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లకి ఎదురయ్యే ప్రశ్న మాత్రం వేరు. నీటి అడుగున పక్కవాడు స్పృహ తప్పితే ఏం చేస్తావ్? ఈ ప్రశ్న ఎంత పాతదో తెలియాలంటే జాక్ కూస్తో కథ చదవాలి.

కూస్తో 1910లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. నేవీలో చేరి పైలట్ అవుదామనుకున్నాడు. 1936లో కారు ప్రమాదంలో చేతులు విరిగాయి. పైలట్ కల అక్కడితో సరి. చేతులకు మళ్లీ బలం రావాలని తూలాన్ దగ్గర మధ్యధరా సముద్రంలో ఈత మొదలుపెట్టాడు. తోటి ఆఫీసర్ ఫిలిప్ తాయే ఇచ్చిన కళ్లద్దాలతో ఒకసారి నీళ్లలోకి చూశాడు. ఇక ఒడ్డున ఉండబుద్ధి కాలేదు.

మొదట్లో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చే పరికరంతో దిగాడు. దాదాపు 14 మీటర్ల లోతులో మూర్ఛ వచ్చింది. నడుముకున్న సీసం బెల్ట్ విప్పి పడేయడంతో పైకి తేలాడు. రెండోసారి ప్రయత్నిస్తే మళ్లీ అదే. ఒత్తిడి పెరిగితే ఆక్సిజనే విషమవుతుందని శరీరంతో నేర్చుకున్నాడన్నమాట.

1942 చివర్లో పారిస్‌లో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీర్ కలిశాడు. యుద్ధకాలంలో పెట్రోల్ దొరక్క కార్లను గ్యాస్‌తో నడిపేందుకు గాన్యాన్ ఒక రెగ్యులేటర్ తయారుచేస్తున్నాడు. దాన్నే మార్చి, పీల్చినప్పుడే గాలి ఇచ్చేలా చేశారు. మార్న్ నదిలో టెస్ట్ చేస్తే అడ్డంగా పడుకున్నప్పుడు బానే పనిచేసింది, నిలబడితే గాలి ఊరికే బయటికి పోయింది. గాలి లోపలికొచ్చే చోటు, బయటికెళ్లే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే కారణం. రెండింటినీ ఒకే ఎత్తుకు తెచ్చారు, సమస్య తీరింది. మనలాంటి ఇంజినీరింగ్ వాళ్లకి ఇక్కడితోనే కథ అయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ అసలు విషయం 1943 వేసవిలో సముద్రంలో చేసిన మొదటి డైవ్‌లో ఉంది. కూస్తో లోపలికి దిగితే, భార్య సిమోన్ పైన ఈదుతూ అతని మీద కన్నేసి ఉంచింది. ఏదైనా జరిగితే దూకి తీసుకురావడానికి ఫ్రెడరిక్ డ్యూమా ఒడ్డున రెడీగా నిల్చున్నాడు. పరికరం కొత్తదే, కాపాడే ప్లాన్ మాత్రం ముందే ఉంది.

యుద్ధం ముగిశాక తూలాన్‌లో నేవీ డైవింగ్ బృందం ఏర్పడింది. 1946 ఆగస్టులో వాళ్లు వోక్లూజ్ అనే చోట నీటి ఊట గుహలోకి దిగారు. లోపల చిమ్మచీకటి. కూస్తో, డ్యూమా తాడు పట్టుకుని దిగితే, పైన రెండో కొస మారిస్ ఫార్గ్ చేతిలో ఉంది. తాడు ఎన్నిసార్లు లాగితే ఏం అర్థమో ముందే అనుకున్నారు. లోపలికెళ్లాక ఇద్దరికీ తల పనిచేయడం మానేసింది. డ్యూమా దాదాపు స్పృహ తప్పాడు. కూస్తో పైకి లాగమని తాడు గుంజుతుంటే, అది రాళ్లకు రాసుకుని సిగ్నల్ సరిగ్గా అందలేదు. ఇంకా తాడు కావాలేమోనని ఫార్గ్ వదులుతూ పోయాడు. కాసేపటికి ఏదో తేడాగా ఉందనిపించి, సిగ్నల్ కోసం ఎదురుచూడకుండా బలంగా లాగేశాడు. ఇద్దరూ బతికారు.

తర్వాత కారణం వెతికారు. సిలిండర్లు నింపిన కంప్రెసర్ తన ఇంజిన్ పొగనే తిరిగి పీల్చుకుంది. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ కలిసింది. వాసన ఉండదు, రంగు ఉండదు.

ఏడాది తిరిగేసరికి, 1947 సెప్టెంబర్‌లో ఎంత లోతుకు వెళ్లగలమో చూడాలనుకున్నారు. తాడుకు అక్కడక్కడా పలకలు కట్టారు, చేరినవాళ్లు సంతకం పెట్టి రావాలి. ఈసారి దిగింది ఫార్గ్. అంతా బాగుందని సిగ్నల్స్ వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. వెంటనే లాగారు. స్టాండ్‌బై డైవర్ ఎదురెళ్లేసరికి నోట్లో ఉండాల్సిన గొట్టం జారిపోయి ఉంది. గంటల తరబడి శ్వాస అందించినా లాభం లేకపోయింది. 120 మీటర్ల దగ్గరి పలక మీద అతని సంతకం ఉంది. అంత లోతులో నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, నోట్లో గొట్టం ఉందో లేదో కూడా తెలియనివ్వదు. తనను పైకి లాగి బతికించినవాడిని కూస్తో బతికించలేకపోయాడు. ఆ తర్వాత సాదా గాలితో ఎంత లోతుకు దిగొచ్చో హద్దు పెట్టుకున్నారు.

మిగతాది లోకానికి తెలిసిందే. కలిప్సో నౌక, 1956లో కాన్స్ పురస్కారం గెలిచిన సినిమా, టీవీ షోలు. ఆ సినిమాలో పగడపు దిబ్బను డైనమైట్‌తో పేల్చిన దృశ్యం ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. 1979లో కొడుకు ఫిలిప్ విమాన ప్రమాదంలో పోయాడు. కూస్తో 1997 జూన్‌లో కన్నుమూశాడు.

ఇప్పుడు ప్యాడీ సంస్థ డైవ్‌మాస్టర్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి. కోర్సులో చేరడానికి 40 డైవ్‌లు, సర్టిఫికెట్ చేతికి రావడానికి 60 కావాలి. అంతకంటే ముందు రెస్క్యూ డైవర్ కోర్సు పాసవ్వాలి. ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ గత 24 నెలల్లో తీసుకున్నదై ఉండాలి. ఎప్పుడో నేర్చుకున్నానంటే కుదరదు. రెస్క్యూ కోర్సులో స్పృహ లేని మనిషికి నీళ్లలోనే శ్వాస అందిస్తూ, అతని సామాను విప్పుతూ, ఒడ్డుకు లాక్కురావడం ప్రాక్టీస్ చేయిస్తారు. ఒకసారి చేసి వదిలేస్తే కొన్ని నెలలకే చేతులు తడబడతాయి.

విశాఖలోనో అండమాన్‌లోనో కోర్సులో చేరాలనుకుంటే, ఫీజు సంగతితో పాటు ఇంకో రెండు అడగండి. బోటులో ఆక్సిజన్ కిట్ ఎక్కడుంటుంది? స్టాఫ్ చివరిసారి రెస్క్యూ డ్రిల్ ఎప్పుడు చేశారు?